సహాయము చేయువారి వరము
కుమారి షార్లెట్ టక్కర్ గారి జీవితము

చదువవలసిన భాగములు: 1 కొరింథీయులకు 12:12–31, రూతు 4:13–17, 92వ కీర్తన

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక పండ్రెండవ అధ్యాయములో, దేవుడు సంఘమునకు అనుగ్రహించిన వరములను వరుసగా చెప్పుచున్నాడు. అపొస్తలులు, ప్రవక్తలు, బోధకులు మొదటి మూడు స్థలములలో నున్నారు. అద్భుతములు చేయువారును, రోగులను స్వస్థపరచువారును ఆ తరువాత వచ్చుచున్నారు. వారి ప్రక్కనే, ఏ ఆర్భాటమును లేకుండ, ఇతరులకు సహాయము చేయువారిని కూడ ఆయన నిలిపియున్నాడు. ఆ అధ్యాయమును మనమెన్నిసారులు చదివినను ఈ ఒక్క మాటయొద్ద ఆగుట అరుదు. మంచి బోధకుని కమ్మని మనము పిల్లలను దీవింతుము. మంచి సహాయకుని కమ్మని దీవించిన పెద్దలెందరు?

సహాయకుడనగా ఎవరు? బడిని స్థాపించినవాడు కాదు. దానికి ప్రధానోపాధ్యాయుడు కాదు. తన పేరు పలకమీద వ్రాయించుకొనువాడును కాదు. వేరొకరు నడుపుచున్న పనిలో తనకు చేతనైనంత చేసి, సాయంకాలము దీపమార్పి పండుకొనువాడు. అట్టి స్థానమును తన యిష్టము చొప్పున కోరుకొని, పరదేశములోని ఒక బడిలో పిల్లలమధ్య ముసలితనమంతయు గడిపిన ఒక స్త్రీ జీవితమును ఈ నెల ధ్యానింతము. ఆమె పేరు కుమారి షార్లెట్ మరియా టక్కర్.

బాల్యము

షార్లెట్ 1821వ సంవత్సరము మే నెల 8వ తేదీన లండనుకు ఉత్తరమున బార్నెట్టు సమీపమందు జన్మించెను. తండ్రి హెన్రీ సెయింట్ జార్జి టక్కర్ గారు యౌవనములోనే మన దేశమునకు వచ్చి, ఈస్టిండియా కంపెనీ కొలువులో చాలకాలము పనిచేసి, ఇంగ్లండుకు తిరిగిపోయిన తరువాత ఆ కంపెనీకి డైరెక్టరుగాను, 1834లోను 1847లోను చైర్మనుగాను ఉండెను. అనగా మన దేశమును ఏలుచుండిన కంపెనీ వ్యవహారములు ఆ యింటి భోజనపు బల్లయొద్దనే మాటలాడబడు చుండెననవచ్చును. ఆమె సోదరులలో కొందరు ఈ దేశములో పెద్ద ఉద్యోగములు చేసిరి.

1822లో ఆ కుటుంబము లండను నగరములోని అప్పర్ పోర్ట్‌లండ్ ప్లేసు అను వీధికి వచ్చి స్థిరపడెను. పెద్ద కుటుంబము, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు అనేకులు. షార్లెట్ బడికి పోలేదు, ఇంటిలోనే చదువుకొనెను. చిన్నతనమునుండియు పద్యములును నాటకములును వ్రాసి ఇంటివారిని నవ్వించుట ఆమెకు సరదా. అప్పటి గొప్ప కుటుంబములలో ఆడపిల్లలు ఉద్యోగము చేయుట గాని, పుస్తకము వ్రాసి అమ్ముకొనుట గాని మర్యాదగా నెంచబడలేదు. కాబట్టి ఆమె వ్రాతలు చాలకాలము ఇంటి గోడలు దాటలేదు.

ఇంటిలో ఆమెకు అప్పగింపబడిన పని మరియొకటి యుండెను. ఆమె సోదరుడు రాబర్ట్ టక్కర్ గారు ఉత్తర హిందూస్థానములో న్యాయాధిపతిగా నుండెను. ఆయన పిల్లలు ముగ్గురు లండనులోని తాతగారింటికి వచ్చిరి. వారిని పెంచి, చదువు చెప్పి, ప్రార్థన నేర్పినది షార్లెట్టే. తన కడుపున పుట్టని పిల్లలకు తల్లియై, వారి పాఠములయొద్ద కూర్చుండుట ఆమె మొదట నేర్చినది అక్కడనే. తరువాత బటాలాలో చేసిన పనికి అదియే తొలి తరగతి.

పేరులేని రచయిత్రి

1851లో తండ్రి మరణించెను. ఆ సంవత్సరమే ఆమె తాను వ్రాసిన కొన్ని కథలను ఎడిన్‌బరో పట్టణపు ప్రచురణకర్తలకు పంపెను. వ్రాసినవారి పేరు తెలుపలేదు, ప్రతిఫలమును కోరలేదు. ఆ కథలు 1852లో క్లేర్‌మంట్ కథలను పేరుతో అచ్చయినవి. అప్పుడామెకు ముప్పది యేండ్లు దాటినవి. అటుపిమ్మట ఆమె కలము ఆగలేదు. 1857లో ఒక యెలుక చేసిన సంచారమును గూర్చిన కథ వచ్చెను. ఇట్లు నూటికి పైగా పుస్తకములు వెలువడినవి. ఇంగ్లండులోను అమెరికాలోను ఆదివారపు బడి పిల్లలు వాటిని బహుమానములుగా పొంది, మరల మరల చదివిరి.

ఆ పుస్తకములమీద ఆమె పేరుండదు. ఏ, ఎల్, ఓ, ఇ అను నాలుగక్షరములు మాత్రముండును. ఇంగ్లండు దేశపు ఒక స్త్రీ అని వాటి భావము. ఆ యక్షరములను కలిపి చదివినచో ఇంగ్లీషులో కలబంద అను పేరు వచ్చును. కలబంద మన పెరళ్లలో ఎవరును నాటకుండగనే పెరుగును. రుచికి చేదు, గాయమునకు మందు. పుస్తకములవలన వచ్చిన సొమ్మును ఆమె తనకొరకు దాచుకొనలేదు, ధర్మకార్యములకు ఇచ్చివేసెను. వారమువారము మారిల్‌బోన్ బీదల గృహమునకు పోయి, అక్కడి వృద్ధులను రోగులను పరామర్శించుచుండెను.

1857వ సంవత్సరపు తిరుగుబాటులో ఆమె సోదరుడు రాబర్ట్ గారు ఫతేపూరులో చంపబడెను. మిగిలిన దొరలందరు ఊరు విడిచిపోయినను ఆయన తన స్థానము విడువలేదు. ఆ వార్త లండనుకు చేరినప్పుడు, తండ్రిని కోల్పోయిన ఆ పిల్లలు షార్లెట్ యొద్దనే యుండిరి. హిందూదేశమన్న పేరు ఆ యింటిలో దుఃఖముతో కలిసిపోయిన దినములవి. అట్టి యింటిలోని స్త్రీ పదునెనిమిదేండ్ల తరువాత అదే దేశపు పిల్లలకు అక్షరములు చెప్పుటకు బయలుదేరునని అప్పుడెవ్వరు తలంచియుందురు?

ఏబదినాలుగవ యేట

తల్లి 1869లో మరణించెను. అంతవరకు వృద్ధురాలైన తల్లికి తోడుగా నుండుట ఆమె విధి. తరువాత కొంతకాలము ఒక సోదరుని కుటుంబముతో నుండెను. పెంచిన పిల్లలు పెద్దవారైరి. ఆమెకొరకు కనిపెట్టుకొనియున్న బాధ్యత ఇక ఇంటిలో లేదు. సాధారణముగా ఇట్టి సమయమున మనుష్యులు విశ్రాంతి కోరుదురు. షార్లెట్ హిందూస్తానీ వ్యాకరణము చేతబట్టుకొనెను.

1875లో, తన యేబదినాలుగవ యేట, మిషను సేవకై మన దేశమునకు వచ్చుటకు ఆమె నిశ్చయించుకొనెను. ఆ కాలమున మిషనులు యౌవనస్థులనే పంపుట వాడుక. ఇరువది యేండ్లవారే పంజాబు ఎండలకు తాళలేక రెండు మూడు సంవత్సరములలో తిరిగిపోవుచుండగా, తల నెరసిన స్త్రీని పంపుటెట్లు? ఈ ప్రశ్నకు ఆమె తన ఖర్చులతోనే సమాధానము చెప్పెను. స్త్రీలమధ్య పనిచేయు మిషను సంఘముతో కలిసి, అయితే జీతము తీసికొనక, తన పోషణ తానే చూచుకొను గౌరవ సేవకురాలిగా వచ్చెను. తన వలన సంఘమునకు ఒక్క కాసు భారము కలుగలేదు. తన శరీరము ఎంతకాలము నిలుచునో అంతకాలము పనిచేయుటయే ఆమె ఒప్పందము.

మొదట ఆమె అమృతసర్ పట్టణమునకు వచ్చి అక్కడి మిషను స్త్రీలతో నుండెను. భాష నేర్చుకొనుట సులభము కాలేదు. చిన్న వయస్సున నాలుకకు పట్టినట్లు ఏబదియేండ్లు దాటిన నాలుకకు కొత్త పలుకులు పట్టవు. ఇంగ్లీషులో ఆమె కలము పట్టినచో వాక్యములు పరుగెత్తును. హిందూస్తానీలో ఒక చిన్న మాటకొరకు తడుముకొనవలసివచ్చెను. వేలమంది పిల్లలకు కథలు చెప్పిన స్త్రీ చిన్నపిల్లవలె మరల అక్షరములు దిద్దెను. అయినను పుస్తకమును మూసివేయలేదు. తరువాత పంజాబీని కూడ నేర్చుకొన మొదలుపెట్టెను.

బటాలా

అమృతసర్‌నకు ఈశాన్యముగా దాదాపు 38 కిలోమీటర్ల దూరమున గురుదాస్‌పూర్ జిల్లాలో బటాలా అను పాత పట్టణమున్నది. ఆ కాలమున అక్కడ మహమ్మదీయులు ఎక్కువగా నుండిరి. హిందువులును సిక్కులును కలరు. రైలు ఇంకను రాలేదు. షార్లెట్ 1876లో అక్కడికి వచ్చెను. అప్పటినుండి, నడుమ కొంతకాలము అమృతసర్‌లో నున్నను, బటాలాయే ఆమె ఊరు.

ఆ ఊరిచివర చెరువుయొద్ద మహారాజా రంజిత్ సింగ్ కుమారుడైన షేర్ సింగ్ కట్టించిన అనార్కలీ అను మేడ యుండెను. షేర్ సింగ్ 1843లో చంపబడెను. 1849లో పంజాబు కంపెనీ వశమాయెను. రాజు లేని ఆ మేడలో 1878లో ఒక బడి తెరువబడెను. దానిని స్థాపించినవారు చర్చి మిషనరీ సొసైటీకి చెందిన ఫ్రాన్సిస్ హెన్రీ బేరింగు గారు. ధనిక కుటుంబమున పుట్టిన ఆయన, పంజాబులో అక్కడక్కడ చెదరియున్న క్రైస్తవ కుటుంబముల బాలురు ఒకచోట నుండి మంచి చదువు నేర్చుకొనవలెనని ఈ పనికి పూనుకొనెను. మన మచిలీపట్నములో అదే సొసైటీకి చెందిన రాబర్ట్ నోబుల్ గారు 1843లో ప్రారంభించిన బడిని ఎరిగినవారికి ఇట్టి బడి యెట్లుండునో చెప్పనక్కరలేదు.

షార్లెట్ టక్కర్ గారు ఆ మేడలోనే బాలురతో కాపురముండెను. బడికి ప్రధానుడు బేరింగు గారు. పాఠములు చెప్పు ఉపాధ్యాయులు వేరుగా నుండిరి. ఆమెకు ఏ బిరుదును లేదు. ఆమె సహాయకురాలు. బాలురకు ఇంగ్లీషు చెప్పెను. బైబిలు కథలు వినిపించెను. బడికొరకు పాటలు కట్టి, వారిచేత పాడించెను. వారి ఆటలలో తానును చేరెను. జబ్బుపడిన బాలునియొద్ద కూర్చుండుట ఆమె పని. ప్రధానోపాధ్యాయునికి చెప్పుకొనలేని దుఃఖమును ఒక కుఱ్ఱవాడు చెప్పుకొనదలచినప్పుడు, ఆ మేడలో తలుపు తెరచియుండు గది ఒకటి యుండెను.

ఇది చిన్న పనియని తలంచువారు వసతిగృహములో చదివినవారిని అడుగవలెను. తల్లిని విడిచి ఎన్నో కోసుల దూరమున నున్న పదేండ్ల బాలునికి లెక్కలు చెప్పు పంతులు కావలెను, నిజమే. కాని రాత్రి జ్వరము వచ్చినప్పుడు నుదుట చేయి పెట్టువారు కావలెను. పాఠము రాక సిగ్గుపడి మూలకు జరిగినవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, అదే మాటను పదిసారులు విసుగులేక పలికించువారు కావలెను. తరగతిలోని నలుబదిమందిని నడిపించుట పంతులు పని. వెనుకబడిన ఒక్కనియొద్ద నిలుచుట సహాయకుని పని. తప్పిపోయిన ఒక్క గొఱ్ఱెను వెదకిన కాపరి కథను ఎరిగిన మనకు ఈ రెండవ పని తక్కువైనదిగా ఎట్లు తోచును?

రూతు గ్రంథపు చివర నయోమి ఇట్లే కనబడుచున్నది. భర్తను, ఇద్దరు కుమారులను పోగొట్టుకొని, చేదు బ్రతుకు బ్రతికి వచ్చిన ఆ వృద్ధురాలు తన రక్తసంబంధము కాని శిశువును రొమ్మున నుంచుకొని దాదియాయెను. ఆ శిశువు దావీదునకు తాత. పిల్లవానిని కన్నది రూతు, వంశము బోయజుది. నయోమికి మిగిలినది పిల్లవానిని ఎత్తుకొనుట మాత్రమే. అయినను పరిశుద్ధగ్రంథము ఆమెను మరచిపోలేదు.

రెండవ స్థానములోని కష్టము

సహాయకురాలిగా నుండుటలో ఒక శోధన యున్నది. దానిని దాచిపెట్టరాదు. షార్లెట్ టక్కర్ గారు వయస్సులో అక్కడి మిషనరీలందరికంటె పెద్దది. ఇంగ్లండులో ఆమె పుస్తకములు చదవని క్రైస్తవ గృహములు కొద్ది. తండ్రి కంపెనీకి చైర్మను. అట్టి స్త్రీ తన కుమారుల యీడుగల యౌవనస్థుల యేర్పాటులకు లోబడి పనిచేయవలసి వచ్చెను. కొన్ని సంవత్సరములకు బేరింగు గారు బటాలాను విడిచిపోయెను. ఆ స్థానమునకు మరియొకరు వచ్చిరి. వారి పద్ధతి వేరు. పెద్దలు మారినప్పుడు సహాయకులు నొచ్చుకొని వెళ్లిపోవుట మన సంఘములలో మనమెరుగని సంగతి కాదు. ఆమె వెళ్లలేదు. ఎవరు ప్రధానుడైనను బాలురు బాలురే గదా.

చిన్నవారైన మిషనరీలు ఆమెను ఆంటీ అని పిలిచిరి. మన మాటలో అత్తమ్మ యనవచ్చును. ఆమెయు వారిని తన మేనల్లుండ్రుగాను మేనకోడండ్రుగాను ఎంచెను. అధికారము లేనిచోట చుట్టరికమును కల్పించుకొనుట ఆమెకు తెలిసిన నేర్పు. అధికారము చేత కానిది కొన్నిసారులు ఈ చుట్టరికము చేత జరుగును.

బడి పని ముగిసిన తరువాత ఆమె పట్టణములోని జెనానాలకు పోవుచుండెను. జెనానాలనగా పరదా పాటించు స్త్రీలు నివసించు లోపలి ఇండ్లు. కొన్ని తలుపులు తెరువబడెను. కొన్ని తెరువబడి మరల మూయబడెను. చుట్టుప్రక్కల గ్రామములకు కూడ డోలీలో వెళ్లి స్త్రీలతో మాటలాడెను. సంఖ్యలలో చెప్పుకొనదగిన ఫలము ఆమె కన్నులకు అంతగా కనబడలేదు. ఇంగ్లండులో ఒక పుస్తకము అచ్చయినచో వేల ప్రతులు చెల్లును. బటాలాలో ఒక యింటి గుమ్మమునకు ఏండ్ల తరబడి నడిచినను లోపలి మనస్సు తెరుచుకొనినదో లేదో తెలియదు.

ఇక్కడ మనలను మనము అడుగుకొనవలసిన ప్రశ్న యున్నది. ఆమె లండనులోనే యుండి మరి ఏబది పుస్తకములు వ్రాసినచో ఎక్కువ మేలు జరిగియుండెడిది కాదా? కొలమానము సంఖ్యయైనచో జరిగియుండెడిదేమో. కాని పుస్తకము జ్వరముతో నున్న పిల్లవాని ప్రక్కన కూర్చుండలేదు. ఆమె దూరమునుండి పిల్లలకు మంచి చెప్పుటలో పేరుపొందినది. దూరమును విడిచి దగ్గరకు వచ్చుట ఆమె జీవితపు రెండవ సగము. దేవుని వాక్యము శరీరధారియై మనమధ్య నివసించెనని నమ్మువారికి ఈ తేడా విప్పిచెప్పనక్కరలేదు.

నాగలి బడి

అనార్కలీ మేడలోని బడి క్రైస్తవ బాలురకొరకు ఏర్పడినది. పట్టణములోని ఇతర బాలురకొరకు ఆమె వేరొక బడి పెట్టించెను. దాని ఖర్చులో పెద్దభాగము తన సొంత సొమ్ములోనుండి ఇచ్చెను. ఆ బడికి ఆమె పెట్టిన పేరు మిషను నాగలి. పేరులోనే ఉద్దేశము కనబడుచున్నది. రైతు ఎరుగును: దున్నిననాడే కోత రాదు. దున్నినవాడే కోయుననియు నమ్మకము లేదు. ఒకడు విత్తును, మరియొకడు కోయునని ప్రభువు తన శిష్యులకు తెలియజేసినాడు. విత్తువానికంటె ముందు, నేలను మెత్తపరచినవాడొకడున్నాడు. అతని పేరు పంటలో కనబడదు.

బటాలాలోను ఆమె కలము ఊరుకొనలేదు. అయితే వ్రాయు విధము మారెను. లండను పిల్లలకొరకు బంగారు అంచుల పుస్తకములు వ్రాసిన చేయి, ఇప్పుడు మన దేశపు చదువరులకొరకు కొద్ది పైసలకు దొరకు చిన్న పుస్తకములు వ్రాసెను. వాటిలో అనేకము దేశభాషలలోనికి తర్జుమా చేయబడినవి.

పదునెనిమిది సంవత్సరములు ఆమె ఈ దేశములో నుండెను. మిషనరీలు కొన్ని సంవత్సరముల కొకసారి సెలవుమీద స్వదేశమునకు పోయివచ్చుట వాడుక. ఆమె ఒక్కసారియు పోలేదు. పంజాబు వేసవి ఎట్టిదో అక్కడ నున్నవారెరుగుదురు. చలికాలమును అట్లే కఠినము. నడుమ ప్రాణముమీదికి వచ్చిన జబ్బుచేసి, ఆశ వదలుకొనిన తరువాత తేరుకొనెను. తేరుకొని మరల బాలురయొద్దకే వచ్చెను. చివరి సంవత్సరములలో తానున్న ఇంటికి సూర్యాస్తమయము అను అర్థమిచ్చు పేరు పెట్టెను. సాయంకాలము దాపునకు వచ్చినదని ఆమెకు తెలియును. దానికి భయపడినట్లు కనబడదు.

అయిదు రూపాయలు

1893వ సంవత్సరమున ఆమె బలము తగ్గిపోయెను. వైద్యముకొరకు అమృతసర్‌కు తీసికొనిపోబడి, డిసెంబరు 2వ తేదీన అక్కడనే ప్రభువునందు నిద్రించెను. అప్పటికామెకు డెబ్బదిరెండేండ్లు. తన సమాధిని గూర్చి ఆమె ముందుగానే వ్రాసిపెట్టియుండెను: పెట్టె అక్కరలేదు, ఖర్చు అయిదు రూపాయలు మించరాదు. ఆమె కోరిన ప్రకారము దేహమును బటాలాకు తెచ్చి, డిసెంబరు 5వ తేదీన, పెట్టె లేకుండ ఆ నేలలో ఉంచిరి. కంపెనీ చైర్మను కుమార్తె ఆ యూరి బీదవారివలె మట్టికి అప్పగింపబడెను. లాహోరు కెథీడ్రలులో ఆమె జ్ఞాపకార్థము ఒక ఇత్తడి ఫలకము అమర్చబడెను.

1947లో దేశము విభజింపబడినప్పుడు లాహోరు పాకిస్తానులోనికి పోయెను. బటాలా మన దేశములో నిలిచెను. ఫలకము సరిహద్దుకు ఆవల, సమాధి ఈవల. బేరింగు గారి పేరుతో బటాలాలో నేటికిని ఒక కళాశాల యున్నది. స్థాపకుని పేరు నిలుచుట న్యాయమే. సహాయకురాలి పేరు పంజాబు వెలుపల తెలిసినవారు కొద్దిమందియే.

ఆమెను గూర్చి పొగడ్త మాత్రమే చెప్పుట సత్యము కాదు. ఆమె తన కాలపు మనిషి, ఏలుచుండిన జాతికి చెందినది. మన దేశపు ఆచారములను, ఇతరుల విశ్వాసములను గూర్చి ఆమె వ్రాసిన కొన్ని సంగతులు నేడు మనకు అంగీకారము కావు. ఏలువారి బిడ్డ ఏలబడువారి పిల్లలకు మేలు చేయబూనినప్పుడు, తనకే అంతయు తెలియునను తలంపు వెంట వచ్చుట సహజము. ఆ తలంపును కొంతవరకైనను విరిచినది ఆమె వాదములు కాదు, ఆమె స్థానమే. పైనుండి ఆజ్ఞాపించునట్టి స్థానమున ఆమె కూర్చుండలేదు. వారి భాషను తప్పులతో మాటలాడి, వారి ఆటలలో ఓడి, వారి జ్వరములయొద్ద మేలుకొని, వారి మట్టిలో కలిసెను. సహాయకుని స్థానమునకు ఈ గుణమున్నది: అది ఇచ్చువానిని కూడ సరిదిద్దును.

మనకు

ప్రియ చదువరులారా, మన సంఘములలో ఉద్యోగమునుండి విరమించిన ఉపాధ్యాయులు, నర్సులు, గుమాస్తాలు ఎందరో యున్నారు. పిల్లలు పెద్దవారై దూరదేశములకు పోయిరి. కొందరు ఆ పిల్లలయొద్దకు పోయి, పరాయి ఊరిలో కిటికీయొద్ద కూర్చుండి దినములు లెక్కపెట్టుచున్నారు. ఇక మావలన ఏమగునని వారు అనుకొందురు. అరువది యేండ్లకు పెద్ద పని ప్రారంభింప వీలు కాకపోవచ్చును. అయితే ఎవరో ప్రారంభించిన పనిలో ఒక గంట సహాయము చేయుటకు వయస్సు అడ్డము కాదు. చదువలేని ఒక్క బిడ్డ ప్రక్కన వారమునకు రెండుదినములు కూర్చుండి చదివించుట చాలును. తొంబదిరెండవ కీర్తన ముసలితనమందును ఫలించు చెట్టును గూర్చి చెప్పుచున్నది. చెట్టు ఏ తోటలో నాటబడవలెనో తానే నిర్ణయించుకొనదు. నాటబడినచోట కాయుట దాని పని.

సహాయకులుగా వెళ్లువారు మూడు సంగతులను ఆమెయొద్ద నేర్చుకొనవచ్చును. మొదటిది, ఎవరికిని భారము కాకుండ వెళ్లుట. మనము చేయు మేలుకంటె మనలను పోషించుట ఎక్కువ పనియైనచో అది సహాయము కాదు. రెండవది, వారి భాషను నేర్చుకొనుట, రాకపోయినను మానకుండుట. తప్పులతో మాటలాడు పెద్దవారిని చూచి, తప్పు చదువు పిల్లవాడు ధైర్యము తెచ్చుకొనును. మూడవది, నిలిచియుండుట. నాలుగు వారములు వచ్చి, పిల్లలచేత పాటలు పాడించుకొని, వారి మనస్సులను దోచుకొని వెళ్లిపోవువారివలన కలుగు దుఃఖము చిన్నది కాదు. కొద్దికాలమే యుండగలవాడు ఆ మాట ముందుగానే చెప్పి, కొద్ది పనినే నమ్మకముగా చేయవలెను.

సంఘపు పెద్దలకు కూడ ఒక మాట. మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోనును హూరును వాటిని ఎత్తిపట్టిరి. మోషే వారి సహాయమును నిరాకరించియుండవచ్చును, నిరాకరింపలేదు. మన బడులలోను, ఆదివారపు తరగతులలోను, సహాయముచేయ వచ్చిన వృద్ధులకు వెనుక బల్లమీద చోటు చూపించి మరచిపోవుచున్నామా? వారికి ఒక పిల్లవానిని అప్పగించుచున్నామా? వరము ఇచ్చినవాడు దేవుడు. దానికి చోటిచ్చుట మన విధి.

ప్రార్థన

ప్రభువా, శిష్యుల పాదములు కడుగుటకు నడుముకు తువాలు కట్టుకొనినవాడవు నీవు. పేరులేని పనిని ప్రేమించు మనస్సును మాకు దయచేయుము. మా వయస్సు మళ్లినను నీ పిల్లలలో ఒకరి ప్రక్కన కూర్చుండుటకు మాకు చోటు చూపుము. ఆమేన్.